అటకపై కప్పు.. మనసులో తప్పు

సాయంత్రం అయిదయితే చాలు, ఆ ఊరి రావిచెట్టు కింద టీ కొట్టు బల్లల మీద పంచాయితీ మొదలవుతుంది. తగాదా పొలం గట్లది కాదు, కబడ్డీ గీతలది. తీర్పు చెప్పే పెద్దమనిషికి అరవై దాటాయి. రెండెకరాల కౌలు రైతు. ఒకప్పుడు కూతకు వెళితే ఒకరినైనా తాకనిదే నడిగీత దాటి వెనక్కి రాని ఆటగాడు. మోకాలు దెబ్బతిన్నాక చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతి పోటీలకు అంపైరుగా నిలబడుతున్నారు. కుర్రకారంతా ఆయనను ‘బాబాయ్’ అని పిలుస్తారు.

ఆసియా క్రీడలంటే ఆయనకు ప్రాణం. 1990లో బీజింగ్‌లో కబడ్డీ ప్రవేశించింది మొదలు 2014 వరకు వరుసగా ఏడుసార్లు పురుషుల స్వర్ణం మన దేశానికే దక్కిన సంగతి వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. అయితే ఎనిమిదో స్వర్ణం దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు తగ్గుతుంది.

ఆగిపోయిన ఆట

కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరు 7న భారత్, ఇరాన్ జట్లు ఫైనల్ ఆడాయి. స్కోరు 28-28. కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లాడు. ఎవరినీ తాకకుండానే గీత దాటి పక్కనున్న లాబీలోకి అడుగు పెట్టాడు. అతని వెంటబడిన ఇరాన్ ఆటగాళ్లు కూడా లాబీలోకి వచ్చేశారు. తాకుడు లేకుండా లాబీలోకి వచ్చిన వాళ్లంతా ఔటని మనవాళ్ల వాదన. కూతకు వచ్చినవాడు ఒక్కడే ఔటని వాళ్ల వాదన. ఒకరిది పాత నిబంధన, మరొకరిది కొత్త నిబంధన. అధికారులు తీర్పు చెప్పడం, మార్చడం. ఒకసారి మనవాళ్లు, మరోసారి వాళ్లు బరిలోనే బైఠాయించారు. చాలాసేపు ఆట ఆగిపోయింది. చివరకు 33-29తో భారత్ గెలిచింది.

“గెలుపు మనదే, కాదనను. కానీ ఆ రోజు కొట్లో పంచిన జిలేబీ నాకు మింగుడు పడలేదు” అంటారు బాబాయ్. తప్పు ఆటగాళ్లది కాదని, ఏ రూలు ప్రకారం ఆడిస్తున్నారో ముందే తేల్చుకోకుండా బరి గీసినవాళ్లదని ఆయన అభిప్రాయం.

“మనం ఓడిపోయినా ఇలాగే న్యాయం మాట్లాడేవాడివా బాబాయ్?” అని కుర్రాళ్లు నిలదీస్తే ఆయన 2018 జకార్తా క్రీడలను గుర్తు చేస్తారు. అక్కడ సెమీఫైనల్లో ఇరాన్ మన పురుషుల జట్టును 27-18తో ఓడించింది. ఆ రోజు ఇరాన్ వాళ్ల పట్లు చూసి చప్పట్లు కొట్టానని చెబుతారు. అవే క్రీడల్లో మహిళల ఫైనల్లోనూ మన జట్టు ఇరాన్ చేతిలో ఓడింది. ఆ ఇరాన్ జట్టుకు శిక్షణ ఇచ్చింది భారతీయురాలు శైలజా జైన్. “చదువు చెప్పిన పంతులమ్మను తప్పు పడతామా? ఆట కూడా అంతే” అంటారు.

హాంగ్‌జౌలో ఎదురెదురుగా నిలిచిన జట్ల వారే ఆ తరువాత ప్రొ కబడ్డీలో భుజం భుజం కలిపి ఆడారు. భారత జట్టులోని అస్లాం ఇనామ్‌దార్, ఇరాన్ జట్టులోని షాద్లూయీ కలిసి ఆడిన పుణేరి పల్టన్ 2024 మార్చిలో టైటిల్ గెలిచింది. మన తెలుగు టైటాన్స్ అయితే పవన్‌ను రెండు కోట్ల అరవై లక్షలకు పైగా వెచ్చించి తీసుకుంది.

అడగటం తప్పు కాదు

క్రీడాస్ఫూర్తి అంటే నోరు మూసుకుని తల వంచడం కాదని బాబాయ్ వాదిస్తారు. అందుకు అవే హాంగ్‌జౌ క్రీడల్లో పాల్గొన్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీని ఉదాహరణగా చూపుతారు. 100 మీటర్ల హర్డిల్స్‌లో తుపాకీ పేలక ముందే చైనా అమ్మాయి వు యాన్నీ కదిలింది. ఆమెతోపాటు జ్యోతిని కూడా పక్కకు తప్పుకోమన్నారు. జ్యోతి తిట్టలేదు, ఏడుస్తూ వెళ్లిపోనూ లేదు. అధికారులతో వాదించి నిలబడింది. ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి మూడో స్థానంలో వచ్చింది. తరువాత విచారించి వు యాన్నీని అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతికి రజతం దక్కింది.

నీరజ్ చోప్రా సంగతి ఇంకా గొప్పదంటారు ఆయన. జావెలిన్ పోటీలో కిషోర్ జెనా విసిరిన రెండో త్రోను ఫౌల్ అన్నారు. అభ్యంతరం చెప్పమని జెనాను ప్రోత్సహించింది నీరజే. ఆ త్రో చెల్లింది. మూడో త్రోతో జెనా ఏకంగా నీరజ్‌నే దాటేశాడు. చివరకు నీరజ్ 88.88 మీటర్లతో స్వర్ణం, జెనా 87.54 మీటర్లతో రజతం గెలిచారు. “తనను దాటగలవాడి కోసం నోరు విప్పినవాడే ఆటగాడు” అన్నది బాబాయ్ మాట.

చెయ్యెత్తలేదు

ఆ మాట వెనుక ఆయన సొంత కథ ఉంది. 1985 సంక్రాంతి ఫైనల్లో కూతకు వచ్చిన పక్క ఊరి కుర్రాడి వేలు ఆయన మడమకు తగిలింది. అంపైరు చూడలేదు. “తగిలిందా?” అని అడిగితే లేదన్నారు. ఒక్క పాయింటుతో కప్పు గెలిచారు. ఊరంతా భుజాల మీద మోసింది. ఆ కప్పు ఇప్పటికీ ఇంటి అటక మీదే ఉంది. “నేను కిందికి దించను, మా ఆవిడ పారేయనివ్వదు” అంటారు.

కొన్నేళ్ల క్రితం ఇలాంటి గీత తగాదాతోనే రెండూళ్ల కుర్రాళ్లు కొట్టుకున్నారు. పక్క ఊరి జట్టు పోటీలకు రావడం మానేసింది. హాంగ్‌జౌ ఫైనల్ చూశాక బాబాయ్ ఒక నోటు పుస్తకంలో రూళ్లన్నీ రాసి, సైకిలు మీద ఆ ఊరు వెళ్లి పెద్దలకు చదివి వినిపించారు. లాబీ సంగతి మొదటి పేజీలోనే రాశారు. టాసు వేయక ముందు ఇద్దరు కెప్టెన్లు దాని కింద సంతకం చేయాలన్నది షరతు. కిందటి సంక్రాంతికి ఆ జట్టు మళ్లీ వచ్చింది.

ఆ రోజే మైకు ముందు 1985 నాటి తప్పును ఆయన ఒప్పుకున్నారు. జనంలో కూర్చున్న ఆనాటి ప్రత్యర్థి లేచి నవ్వారు. “నీ మడమకు తగిలిన సంగతి నా వేలికి తెలియదా? నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా” అన్నారు.

వచ్చే సంక్రాంతికి ఆ కప్పును చింతపండుతో తోమి కిందికి దించుతామంటున్నారు బాబాయ్. గెలిచిన జట్టుకు కొత్త కప్పు ఎలాగూ ఉంది. ఈ పాత కప్పు మాత్రం, అంపైరు చూడకపోయినా తగిలిందని తనంతట తాను చెయ్యెత్తిన కుర్రాడికట.