ఫ్లోరైడ్‌ను పట్టేసే నోబెల్ పొడి.. నల్గొండ నీళ్లకు పనికొస్తుందా?

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు లాంటి మండలాల్లో బోరు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లు, నడుము వంగినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిషన్ భగీరథతో నల్లా నీళ్లొచ్చినా, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ అలాగే ఉంది. దాన్ని పట్టి ఉంచే ఓ కొత్త పదార్థంపై ల్యాబుల్లో పరిశోధనలు సాగుతున్నాయి. అదే మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్.. షార్ట్‌కట్‌లో మాఫ్. 2025 కెమిస్ట్రీ నోబెల్ వీటిని అభివృద్ధి చేసిన సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకే దక్కింది.

అసలు సమస్య ఏంటి?

ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది. నీళ్లు కాచినా ఇది పోదు, పైగా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి వడకట్టే 'నల్గొండ టెక్నిక్'ను నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తెచ్చింది. కానీ పటిక ఎక్కువ పోయాలి, అడుగున బురద మిగులుతుంది.

మాఫ్ ఎలా తయారవుతుంది?

ఉదాహరణకు యూఐఓ-66. జిర్కోనియం క్లోరైడ్‌ను, వాటర్ బాటిళ్ల ప్లాస్టిక్‌కు ముడిసరుకైన టెరెఫ్తాలిక్ యాసిడ్‌ను ద్రావకంలో కలిపి, గట్టిగా మూత బిగించి 120 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. అడుగున సన్నటి స్ఫటికాల పొడి చేరుతుంది.

ఎక్స్-రేలతో చూస్తే లోపలి నిర్మాణం తెలుస్తుంది. ఆరేసి జిర్కోనియం అణువుల గుంపులు స్తంభాల్లా, యాసిడ్ అణువులు వాటిని కలిపే దూలాల్లా ఉంటాయి. ఒక్కో గుంపుకు 12 దూలాలు. మధ్యలో అంతా ఖాళీ గదులే. ఒక్క గ్రాము పొడిలో ఉపరితలం దాదాపు 1,000 చదరపు మీటర్లు.. అంటే సుమారు 10 గుంటల జాగా!

జిర్కోనియం గుంపులపై ఉండే హైడ్రాక్సిల్‌ను తప్పించి ఫ్లోరైడ్ ఆ స్థానంలో కూర్చుంటుంది. నీళ్లు మాత్రం బయటికొస్తాయి.

ఊళ్లోకి ఎప్పుడు?

ఇక్కడే అసలు చిక్కు. ల్యాబ్‌లో శుద్ధమైన నీళ్లు వేరు, బోరు నీళ్లు వేరు. బైకార్బొనేట్ లాంటివి ఫ్లోరైడ్‌తో పోటీపడతాయి. పొడి నీళ్లలో కలవకుండా గుళికలుగా చేయాలి, లోహం తాగే నీళ్లలోకి జారకూడదు, వాడిన పొడిని కడిగి మళ్లీ వాడగలగాలి. ధర కూడా పటికతో పోటీపడేలా ఉండాలి. ఇవన్నీ తేలేదాకా తాగడానికి నల్లా నీళ్లే మేలు. బోరు నీళ్లు తప్పనిసరైతే ముందు ఫ్లోరైడ్ టెస్ట్ చేయించుకోండి.