గజదొంగల కథలు – బాలురు

అమీరుపేటలోని మా యింటికి సెలవులకు వచ్చిన నా మనుమడు, మొన్న పంజాగుట్టలో నాచేత నొక పుస్తకము కొనిపించుకొనెను. అది బాలురకై వ్రాసిన బోనీ పార్కర్, క్లైడ్ బారోల జీవితచరిత్రము. మరునాటి యుదయమున వాడు వసారాలో కఱ్ఱతుపాకి పట్టి, "నేను క్లైడును, నీవు పోలీసువు, తాతయ్యా!" యనెను. నేను నవ్వి చేతులెత్తితిని. పిమ్మట నా పుస్తకము చదివి, నా నవ్వునకు నేనే కొంత సిగ్గుపడితిని.

శ్రోతలారా, 1929 సంవత్సరమున న్యూయార్కు వాటాల బజారు కూలిన పిదప, అమెరికాలో వేలకొలది బ్యాంకులు మూతపడెను. లక్షలకొలది జనులకు పని లేకపోయెను. క్లైడు తలిదండ్రులు అంతకు మునుపే సేద్యము విడిచి డల్లాసు నగరమునకు వలసవచ్చి, కొంతకాలము తమ బండిక్రిందనే తలదాచుకొనిరి. బోనీ హోటళ్లలో వడ్డించునది, పద్యములు వ్రాయునది. ఆమె వేళాకోళమునకై నోట చుట్ట పెట్టుకొని తీయించుకొన్న ఛాయాచిత్రము 1933లో పోలీసులకు దొరకి, పత్రికలకెక్కి, దేశమంతట వ్యాపించెను. 1934 మే 23వ తేదీన లూయిసియానాలో పోలీసులు మాటుగాచి ఇరువురిని కాల్చిచంపిరి. అతనికి 25 ఏండ్లు, ఆమెకు 23.

ఆ యేటనే ఏప్రిల్ 1వ తేదీన, ఈస్టరు పండుగనాడు, టెక్సాసులోని గ్రేప్‌వైన్ సమీపమున ఈ ముఠావారు ఇద్దరు యువ రక్షకభటులను చంపిరి. వారిలో మర్ఫీ యనువానికి పెండ్లి కుదిరియుండెను. ఈ సంగతి చెప్పగా మనుమడు కొంతసేపూరకుండి, "మరి ఆయన ఆట ఎవరూ ఆడరేమి, తాతయ్యా?" యని యడిగెను.

ఈ ప్రశ్న మన సర్వాయి పాపన్న విషయమునను అడుగదగినదే. కల్లుగీత కులమున బుట్టిన పాపన్న, జనగామ ప్రాంతమున ఖిలాషాపురములో కోట నిలిపి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టెను. 1710లో మొగలాయి సేనకు జిక్కి మరణించెను. మొగలాయి చరిత్రకారుడగు ఖాఫీఖాను అతనిని బందిపోటనియే వ్రాసెను. సొంత సోదరినే దోచెననెను. మన పల్లెల గాయకులకో, అతడు మహావీరుడు. తెలంగాణమున నేటికిని ఆగస్టు 18న అతని జయంతి జరుపుదురు. వ్రాసినవాడు ప్రభువుల పక్షము. పాడినవాడు పేదల పక్షము. కల్లుగీతవాడు కోట కట్టి ఏలబూనుట సామాన్యమైన సాహసము కాదు గనుక పాటను త్రోసివేయరాదు. ఓరుగల్లులో చెరపడిన స్త్రీలు, బిడ్డలు ఉన్నారు గనుక చరిత్రకారుని మాటయు త్రోసివేయరాదు. పాపన్న పేరు నిలిచినది. వారి పేర్లు మనకందలేదు.

ఇట్టి పుస్తకములను పిల్లల చేతినుండి లాగికొనుమని నేను చెప్పను. దొంగ యెట్లు దొంగయయ్యెనో వారు తెలిసికొనవలసినదే. అయితే, దెబ్బతిన్నవారెవరని ప్రక్కన గూర్చుండి యడుగు పెద్దవాడొక్కడుండవలెను.

నిన్న సాయంకాలము వాడు మరల ఆట మొదలిడి, "ఈసారి నేను మర్ఫీని, నీవే క్లైడువు" అని తుపాకి నా చేతికిచ్చెను. అది కఱ్ఱదేయైనను, వానిపై గురిపెట్టుటకు నాకు చేయి రాలేదు.