గాజుతీగ ఎవరి వాకిటికి?

ఒక పట్నం ఎంత ఎదిగిందో చెప్పడానికి పూర్వం కొన్ని ప్రశ్నలుండేవి. ఎన్ని మిల్లులున్నాయి, ఎన్ని బళ్లున్నాయి, కుళాయి నీళ్లు ఎన్ని పేటలకు అందుతున్నాయి అని అడిగేవారు. ఇవాళ ఇంటర్నెట్ వేగం ఎంత, స్టార్టప్‌లు ఎన్ని పుట్టాయి అని అడుగుతున్నారు. పాత ప్రశ్నల్లో ‘ఎన్ని పేటలకు’ అన్న మాట ఒకటి ఉండేది. కొత్త ప్రశ్నల్లో అది కనిపించదు. ఆ మాట ఎక్కడ, ఎట్లా జారిపోయిందన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్న విషయం.

ఇది ఇంజనీర్ల వ్యవహారం, సాహిత్య పత్రికలో దీనికేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. కాలవలూ ఒకప్పుడు ఇంజనీర్ల వ్యవహారమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తర్వాత డెల్టా జిల్లాల్లో పంటలే కాదు, పాఠశాలలూ పత్రికలూ పెరిగాయి. నీరు అందని జిల్లాల చరిత్ర మరో దారిన నడిచింది. కాలవ ఎటు తవ్వాలన్నది నేల వాలును బట్టే కాదు, శిస్తు లెక్కను బట్టి కూడా తేలిందని మనకు తెలుసు. ఇప్పుడు వేస్తున్న గాజుతీగలు ఈ కాలపు కాలవలు. అవి ఎవరి వాకిట ఆగుతున్నాయో చూడడం రచయితల పని కాకుండా పోదు.

ముందు ఆ తీగ సంగతి. ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజుపోగు. దానిలో సమాచారం వెలుతురు రూపంలో, క్షణక్షణానికీ ఆరి వెలిగే మెరుపులుగా ప్రయాణిస్తుంది. రాగితీగలో దూరం పెరిగే కొద్దీ సంకేతం నీరసిస్తుంది. గాజుపోగులో ఆ నష్టం చాలా తక్కువ. తీగ ఒకసారి వేస్తే, రెండు కొసల్లో ఉన్న యంత్రాలను మార్చి వేగాన్ని ఎన్నో రెట్లు పెంచుకోవచ్చు. గాజు ధర పెద్దది కాదు. ఖర్చంతా రోడ్డు తవ్వడంలో, స్తంభాల మీద చోటు సంపాదించడంలో, తీగలు లాగే కూలీల శ్రమలో ఉంటుంది. ఒక వీధిలోకి తీగ తెచ్చాక అందులో పది ఇళ్లు తీసుకున్నా వంద ఇళ్లు తీసుకున్నా ఆ ఖర్చు పెద్దగా మారదు. అంచేత లాభం చూసుకునే కంపెనీ, నూటికి ఎన్ని ఇళ్లు డబ్బు కట్టగలవో లెక్కవేసుకున్న తర్వాతే వీధిలో అడుగుపెడుతుంది. నేనుండే వీధిని ఒక్క ఏడాదిలో మూడుసార్లు తవ్వారు. మూడు కంపెనీలు మూడు తీగలు వేసుకున్నాయి. వెనకనున్న బస్తీలోకి ఒక్కటీ పోలేదు. మూడు తీగలు ఒకచోట పడి, పక్కనే ఒక్కటీ పడకపోవడంలో సాంకేతిక కారణం ఏమీ లేదు.

ఈ లెక్క నిజజీవితంలో ఎట్లా పనిచేస్తుందో చూడడానికి అమెరికాలోని రెండు నగరాల అనుభవం బాగా ఉపకరిస్తుంది. రెండు చోట్లా వేగం ఒకటే, సెకనుకు ఒక గిగాబిట్. రెండూ స్టార్టప్‌ల పేరు చెప్పుకున్నవే. తేడా అంతా తీగ యజమాని ఎవరన్న దగ్గరే ఉంది.

2010 ఫిబ్రవరిలో గూగుల్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఇళ్లకు గిగాబిట్ తీగలు వేయాలనుకుంటున్నాం, మా ఊరికి కావాలనుకునేవారు దరఖాస్తు పెట్టుకోండి అని దాని సారాంశం. దాదాపు 1,100 ఊళ్లు దరఖాస్తు పెట్టుకున్నాయి. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా నగరం ఆ మార్చి నెలంతా తన పేరునే ‘గూగుల్’ అని మార్చుకుంది. స్వయంవరం అందామంటే, దండ కంపెనీ చేతిలో ఉంది. 2011 మార్చిలో కాన్సాస్ రాష్ట్రం వైపునున్న కాన్సాస్ సిటీ మెడలో దండ పడింది. మే నెలలో సరిహద్దుకు అవతల మిస్సోరీలో అదే పేరుతో ఉన్న నగరాన్ని కూడా కలుపుకున్నారు. నగరపాలక సంస్థలు అనుమతులు త్వరగా ఇస్తామన్నాయి, సిబ్బందిని కేటాయిస్తామన్నాయి. ప్రతి ఇంటి ముందుకూ తీగ తీసుకుపోవాలన్న షరతు మాత్రం పెట్టలేదు.

2012 జూలైలో కంపెనీ నగరాన్ని 202 ముక్కలుగా విభజించింది. ఒక్కొక్క ముక్కలో నూటికి 5 నుంచి 25 ఇళ్ల దాకా, ఆ పేటను బట్టి, 10 డాలర్లు కట్టి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. గడువు సెప్టెంబరు 9. ఆ సంఖ్య చేరని పేటకు తీగ రాదు. అక్కడి బడికీ గ్రంథాలయానికీ ఇస్తామన్న ఉచిత కనెక్షన్ కూడా రాదు. చూడడానికి ఇది ప్రజాస్వామ్యంలాగే ఉంది. కాని ఆ నగరంలో ట్రూస్ట్ అవెన్యూ అని ఒక వీధి ఉంది. దానికి తూర్పున ఎక్కువగా నల్లజాతివారు, పడమట తెల్లవారు. నల్లవారికి ఇళ్లు అమ్మరాదన్న ఒప్పందాలూ, వారి పేటలకు అప్పులివ్వని బ్యాంకులూ, బడుల సరిహద్దులూ కలిసి దశాబ్దాలపాటు గీసిన గీత అది. నమోదు మొదలైన కొన్ని వారాలకు అర్హత పొందిన పేటలకు పటంలో రంగు వేసి చూస్తే ఆ పాత గీతే మళ్లీ బయటపడింది.

ఎవరూ కావాలని ఆ గీత గీయలేదు. నమోదు చేసుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, అది లేనివారికే కదా ఇది కావలసింది! డబ్బు కట్టడానికి బ్యాంకు కార్డు కావాలి. అద్దె ఇళ్లలో ఉండేవారికైతే ఇంటి యజమాని ఒప్పుకోవాలి. పాత అన్యాయం కొత్త నిబంధనల్లో ఇలా ఎవరి ప్రమేయమూ లేనట్టు తిరిగి పుడుతుంది. అప్పుడు ఉపాధ్యాయులూ, గ్రంథాలయాల వాళ్లూ, స్వచ్ఛంద కార్యకర్తలూ ఇంటింటికీ తిరిగారు. చందాలు పోగుచేసి ఇరుగుపొరుగు పేర్లు నమోదు చేయించారు. కంపెనీ కూడా తన మనుషులను పంపింది. చివరికి 202లో 180 పేటలు గడువులోగా గట్టెక్కాయి. ఆ విజయం చిన్నది కాదు. అయితే వాకిటిదాకా వచ్చిన తీగ ఇంట్లోకి రావడం వేరే సంగతి. గిగాబిట్‌కు నెలకు 70 డాలర్లు. తక్కువ వేగం ఉచితమే గాని దానికి ముందుగా 300 డాలర్ల నిర్మాణ రుసుము. 2014లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పేదల పేటల్లో ఇంటింటి సర్వే చేయిస్తే, ఆ గిగాబిట్ తీసుకున్న ఇళ్లు నూటికి పది తేలాయి. కాస్త కలిగినవారి పేటల్లో ఆ సంఖ్య నలభై దాటింది.

స్టార్టప్‌ల సందడి కూడా ఆ ఊళ్లోనే చూడాలి. మొట్టమొదట తీగ వచ్చిన పేటలో, రెండు రాష్ట్రాల సరిహద్దు పక్కన, కుర్రకారు చిన్న చిన్న ఇళ్లు తీసుకుని కంపెనీలు పెట్టారు. ‘స్టార్టప్ విలేజ్’ అని దానికి పేరు. పత్రికలు బ్రహ్మరథం పట్టాయి. కొన్నేళ్లకు ఆ సందడి పలచబడింది. దీంట్లో వాళ్ల తప్పేమీ లేదు. కొత్త సంస్థ నిలబడడానికి పెట్టుబడి కావాలి, కొనేవాళ్లు కావాలి, చవక అద్దె కావాలి, ఒకటి రెండేళ్లు జీతం లేకుండా బతకగలిగిన ఇంటి ఆసరా కావాలి. ఈ నాలుగూ ఉన్నవాడికి వేగం తోడ్పడుతుంది. ఏదీ లేనివాడికి వేగం ఒక్కటే ఏం చేస్తుంది?

2016 అక్టోబరులో కంపెనీ కొత్త నగరాల విస్తరణ ఆపేసింది. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి రెండంగుళాల లోతున తీగలు పాతితే, అవి రోడ్డు మీదికి తేలివచ్చాయి. 2019 ఏప్రిల్‌లో ఆ ఊరి సేవనే మూసేసి, రోడ్ల మరమ్మతుకు 38 లక్షల డాలర్లు చెల్లించి వెళ్లిపోయారు. వ్యాపారంలో అది న్యాయమే. కాని ఊరు ఎక్కడికి పోతుంది?

రెండో నగరం టెనెస్సీ రాష్ట్రంలోని చాటనూగా. పోత ఇనుము కార్ఖానాల ఊరు. 1969లో అమెరికా మొత్తం మీద గాలి అత్యంత కలుషితమైన నగరంగా అపకీర్తి పొందింది. తర్వాత కార్ఖానాలూ మూతపడ్డాయి. దానికి మిగిలిన ఆస్తుల్లో ఒకటి 1935లో ఏర్పడిన పురపాలక విద్యుత్ సంస్థ, ఈపీబీ. ఆ సంస్థ బోర్డు సభ్యులను మేయర్ నియమిస్తే నగర సభ ఆమోదించాలి.

ఈపీబీ గాజుతీగలు తలపెట్టింది కరెంటు కోసం. చెట్టు కూలి తీగ తెగితే, ఎక్కడ తెగిందో కనిపెట్టి ఆ ముక్కను విడదీసి, మిగతావారికి మరో దారిన కరెంటు మళ్లించే స్విచ్చులు వచ్చాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి గాజుతీగ కావాలి. అదే తీగలో ఇంటర్నెట్ కూడా అమ్మవచ్చు. ఇక్కడే కాన్సాస్ సిటీతో అసలు తేడా. ఈ ఏర్పాటులో ఇంటర్నెట్ తీసుకోని ముసలమ్మకు కూడా కరెంటు నిలకడగా ఉంటుంది. అంచేత ‘ఈ వీధిలో ఎందరు కొంటారు’ అన్న ప్రశ్నకు ముందే తీగ అన్ని వీధులకూ పోవలసి వచ్చింది.

2008లో ప్రైవేటు కేబుల్ కంపెనీలు కోర్టుకెక్కాయి, ఓడిపోయాయి. సంస్థ సుమారు 22 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. కేంద్ర ప్రభుత్వం విద్యుత్ ఆధునీకరణకు 11 కోట్ల డాలర్ల పైచిలుకు ఇచ్చింది. 2010 సెప్టెంబరు నాటికి సుమారు 600 చదరపు మైళ్లలో, 1 లక్షా 70 వేల ఇళ్లూ దుకాణాలూ ఉన్న ప్రాంతమంతటా గిగాబిట్ అందుబాటులోకి వచ్చింది. గూగుల్ మొదటి ఇంటికి తీగ ఇవ్వడానికి రెండేళ్ల ముందే!

దీన్ని స్వర్గంగా చూపడం నా ఉద్దేశం కాదు. మొదట్లో గిగాబిట్ ధర నెలకు 350 డాలర్లు. 2013లో గాని 70కి దిగలేదు. సంస్థ కరెంటు సరిహద్దు దాటి ఇంటర్నెట్ అమ్మరాదని రాష్ట్ర చట్టం ఉంది. సరిహద్దుకు అవతలి పల్లెలు తీగ కళ్ల ముందు కనిపిస్తున్నా అందుకోలేకపోయాయి. 2015లో కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ ఆ ఆంక్షను తోసిపుచ్చితే, 2016లో కోర్టు కమిషన్ నిర్ణయాన్ని కొట్టేసింది. నగరం కూడా స్టార్టప్‌ల మోజులో పడింది. 2015లో నగరం నడిబొడ్డున ‘ఇన్నోవేషన్ డిస్ట్రిక్ట్’ ప్రకటించింది. పదేళ్లలో 269 కోట్ల డాలర్ల ప్రయోజనం, 9,500 ఉద్యోగాలు వచ్చాయని స్థానిక విశ్వవిద్యాలయ అర్థశాస్త్రవేత్త బెంటో లోబో 2020లో లెక్కగట్టాడు. ఇలాంటి లెక్కల్లో కొంత అంచనా ఎప్పుడూ ఉంటుంది. కాని కరెంటు కోతలు తగ్గడం వల్ల మిగిలిన సొమ్ము కూడా ఆ లెక్కలో ఉందని గమనించాలి. ఆ లాభం స్టార్టప్ పెట్టినవాడికే పరిమితం కాదు.

అసలు పరీక్ష కరోనా కాలంలో వచ్చింది. బడులు మూతపడ్డాయి. 2020 జూలైలో ఈపీబీ, అక్కడి బడుల యంత్రాంగం కలిసి, బడిలో ఉచితంగానో తగ్గింపు ధరకో భోజనం చేసే సుమారు 28 వేల మంది పిల్లల ఇళ్లకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్‌ను పదేళ్లపాటు ఉచితంగా ఇస్తామని ప్రకటించాయి. తీగ అప్పటికే అందరి వాకిళ్లలో ఉంది గనక వెంటనే ఇవ్వగలిగాయి. పదేళ్ల క్రితం తీగ వేసినప్పుడు ఈ పిల్లలు ఎవరి లాభాల లెక్కలోనూ లేరు. అయినా తీగ వాళ్ల ఇంటిముందు ఆగింది.

ఇక మన సంగతి. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2015లో టీ-హబ్ వచ్చింది. వీటి వల్ల చదువుకున్న తెలుగు యువకులకు పనులు దొరికాయి, ఆ మాట కాదనలేం. అదే రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో ప్రభుత్వ బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్, టీ-శాట్ టీవీల ద్వారా చెప్పవలసి వచ్చింది. ఆ పని చేసినవారిని అభినందించాలి. కాని ఇంటర్నెట్ రాజధాని అనిపించుకున్న నగరంలోనూ బస్తీ పిల్లవాడికి పాఠం టీవీలోనే వచ్చింది. ఆ పిల్లవాడు టీవీని ప్రశ్న అడగలేడు.

మనకు మార్గం తెలియక కాదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా వేసిన తీగలతో, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో మొదలైంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంటే గాజుతీగకు గొట్టం వేశారు. ఆలోచనగా ఇవి చాటనూగాకు తీసిపోవు. అయితే ఫైబర్‌నెట్ కాంట్రాక్టుల మీద తర్వాత వివాదాలు, కేసులు వచ్చాయి. సంస్థ ప్రభుత్వానిదైనంత మాత్రాన ప్రజలది కాదు. లెక్క అడిగే సభ, జవాబు చెప్పే బోర్డు లేకపోతే అది మరో కాంట్రాక్టు శాఖగా మిగులుతుంది.

ఈ బాధ్యత ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో 2025 ఆగస్టులో చూశాం. రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో చాలాచోట్ల స్తంభాల మీది కేబుళ్లను కోసేశారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకు చేరింది. స్తంభం ఒకరిది, తీగ మరొకరిది. నిచ్చెన వేసుకుని ఆ స్తంభం ఎక్కే కేబుల్ కుర్రాడు ఎవరి మనిషో ఏ పుస్తకంలోనూ లేదు. ‘స్టార్టప్ సమాజం’ అన్న మాటలో ఆ కుర్రాడికి చోటుందా అని నేను అడుగుతున్నాను.

అంచేత వేగం ఎంత అన్న ప్రశ్న తర్వాత అడుగుదాం. ముందు అడగవలసినవి ఇవి: తీగ ఏ వీధి నుంచి మొదలై ఏ వీధి దగ్గర ఆగుతుంది? ఆ వరుసను నిర్ణయించింది ఎవరు? రోడ్డు తవ్వే అనుమతికి బదులుగా నగరం ఏ షరతు పెట్టింది? రేపు కంపెనీ వెళ్లిపోతే తీగ ఎవరిది? ఇవి నిపుణులు మాత్రమే వేయవలసిన ప్రశ్నలు కావు. బస్తీ సంఘం వార్డు సమావేశంలో లేచి అడగదగినవి. కుళాయి విషయంలో మనవాళ్లు బిందెలు పట్టుకుని పురపాలక కార్యాలయం ముందు కూర్చుని ‘మా పేటకెప్పుడు?’ అని అడిగారు. గాజుతీగ విషయంలో ఆ ప్రశ్న ఇంకా మొదలు కావలసే ఉంది.