కుక్క తల ఎందుకు విదిలిస్తుంది?

ఆషాఢం వచ్చిందంటే అనంతగిరి కొండలు పచ్చబడతాయి. వికారాబాదు నుంచి కొండెక్కే దారిలో చెట్ల మీదినుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడి గాలి మంచిదని నిజాము కాలంలో క్షయరోగుల కోసం ఒక ఆసుపత్రి కూడా కట్టించారు. ఆ గాలి మనుషులకు ఎంత మేలు చేసినా, వానాకాలంలో కొండకింది పల్లెల్లో తిరిగే కుక్కలకు మాత్రం ఒక చిక్కు ఉన్నది. అవి రోజల్లా తడుస్తాయి, గడ్డిలో దూరుతాయి, చెరువులో దిగుతాయి. ఒళ్ళు త్వరగానే ఆరుతుంది గాని, చెవిలోకి పోయిన తడి అంత త్వరగా ఆరదు.

అటువంటి కుక్క ఒకటి మీ ఇంట్లో ఉన్నదనుకోండి. ఒకనాడు అది ఊరికే తల విదిలిస్తుంది. ఈగ వాలిందేమో అనుకుంటారు. మర్నాడు వెనక కాలితో చెవి గోక్కుంటుంది, తలను గోడకేసి రుద్దుతుంది. మూడోనాడు మీరు ప్రేమగా నిమరబోతే గుర్రుమంటుంది. "దీనికి పొగరెక్కింది" అని ఇంట్లో ఎవరైనా అంటే మీరు ఒప్పుకోకండి. దానికి చెవిపోటు వచ్చి ఉండవచ్చు. చెప్పుకోవటానికి నోరు లేదు గనక తలతో చెబుతున్నది!

అప్పుడు పెద్దవాళ్ళ చేత కుక్కను పట్టించి, వెలుతురులో చెవిరేకు ఎత్తించి చూడండి. రెండు చెవులూ చూసి పోల్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చెవి లోపలి చర్మం లేత గులాబిరంగులో ఉంటుంది. కాస్త గుబిలి ఉన్నా వాసన ఉండదు. జబ్బుచేసిన చెవి ఎర్రబడి వాచి, తాకితే వేడిగా ఉంటుంది. దగ్గరికి వెళ్ళగానే చెడువాసన కొడుతుంది. కాఫీపొడిలాంటి నల్లటి మురికి ఉంటే, పురుగులు చేరాయేమోనని అనుమానించాలి. ఇవి సాలెపురుగుకు చుట్టాలే, ఎనిమిది కాళ్ళవి. అర మిల్లీమీటరు కూడా ఉండవు. గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన ఉంటే ఈస్టు అనే బూజుజాతి జీవులు పెరిగి ఉండవచ్చు. పసుపుపచ్చని చీము కారుతుంటే బాక్టీరియా పని కావచ్చు. ఒక్కొక్కప్పుడు వీటిలో ఏదీ కాక, ముళ్ళున్న గడ్డిగింజ ఒకటి లోపలికి దిగి కూర్చుంటుంది. దాని ముళ్ళు వెనక్కు వాలి ఉంటాయి గనక అది ముందుకే పోతుంది గాని వెనక్కు రాదు.

వేలాడే చెవులున్న కుక్కలకు ఈ బాధ ఎక్కువ. మన ఊరకుక్కల నిక్కపొడుచుకున్న చెవుల్లోకి గాలి ఆడుతుంది. అలా అని వాటికి అసలు రాదని కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు తిరగబెట్టే చెవిపోటుకు చాలాసార్లు అసలు కారణం తడి కాదు, ఒంటికి పడని తిండో దుమ్మో అయి ఉంటుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఇంట్లో ఎవరో ఒకరు నూనె కాచి పొయ్యమంటారు. ఇంకొకరు దూదిపుల్లతో తియ్యబోతారు. రెండూ వద్దు. ఎందుకో తెలుసుకోవాలంటే కుళాయి గొట్టం మూలమలుపు ఒకసారి చూడండి. మన చెవికాలువ ఇంచుమించు తిన్నగా, ఒక అంగుళం పొడవుంటుంది. కుక్క చెవికాలువ అట్లా కాదు. ముందు కిందికి దిగి, తరవాత 'ఎల్' అక్షరంలాగా లోపలికి తిరుగుతుంది. కర్ణభేరి ఆ మలుపు అవతల ఉన్నది. మనం పైనుంచి ఎంత తొంగిచూసినా మలుపుదాకానే కనిపిస్తుంది. పుల్ల పెడితే మురికి పైకి రాదు, మలుపు దాటి ఇంకా లోపలికి పోతుంది. నూనె పోస్తే అక్కడే నిలుస్తుంది, ఈస్టుకు ఆహారమవుతుంది కూడా. పైగా కర్ణభేరికి చిల్లిపడి ఉంటే, కొన్ని మందులు లోపలి చెవిలోకి దిగి కుక్కను శాశ్వతంగా చెవిటిదాన్ని చేస్తాయి. మనకు సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వని వినబడదు. కుక్కకు 45,000 దాకా వినబడుతుంది. అటువంటి చెవిని పోగొట్టటం ఎంత అన్యాయం!

అందుచేతనే పశువైద్యుడు దీపం ఉన్న చిన్న గొట్టంతో మలుపు అవతలికి చూసి, కొంచెం మురికి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆ తరవాతే మందు నిర్ణయిస్తాడు. పురుగుకు వేసే మందు ఈస్టుకు పనిచెయ్యకపోవచ్చు. కుక్క తల ఒకపక్కకు వాల్చి, గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంటే జబ్బు లోపలి చెవికి చేరి ఉండవచ్చు, ఆనాడే తీసుకువెళ్ళాలి. విదిలించి విదిలించి చెవిరేకు బూరెలా ఉబ్బితే, లోపల రక్తనాళం తెగిందన్నమాట. సూదితో పొడవకండి, అదీ వైద్యుడి పనే.

ఆయన ఇచ్చిన చుక్కలు వెయ్యటం పెద్దవాళ్ళ పని. కుక్కను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని మందు చల్లదనం పోగొట్టాలి. చెవిరేకు ఎత్తి చుక్కలు వేసి, చెవి మొదలును బయటినుంచి మెల్లిగా పిసికితే లోపల చప్పుడవుతుంది. మందు మలుపు దాటుతున్నదని అర్థం. వదలగానే కుక్క తల విదిలిస్తుంది. అప్పుడు పైకి వచ్చినదాన్ని మాత్రమే మెత్తని గుడ్డతో తుడవాలి. బాధలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి, అది పెంపుడుకుక్కే అయినా సరే.

నాలుగు రోజుల్లో వాసన పోతుంది, కుక్క తోక ఊపుతుంది. అప్పుడే మందు మానకూడదు. పురుగు గుడ్డు పెరిగి పెద్దపురుగు కావటానికి సుమారు మూడువారాలు పడుతుంది గనక, చెప్పినన్ని రోజులూ మందు వేసి, చెవిని మళ్ళీ చూపించుకోవాలి. ఆ పురుగులు ఒక జంతువు నుంచి ఇంకొకదానికి పాకుతాయి గనక ఇంట్లో పిల్లి ఉంటే దాన్నికూడా తీసుకువెళ్ళాలి. పిల్లిని పట్టి బుట్టలో పెట్టే పని మాత్రం మీరు పెట్టుకోకండి!