నొప్పులు తెప్పించడం వేరు, పెంచడం వేరు

“అమ్మాయికి నొప్పులకోసం సెలైన్ పెట్టారండీ” అని పెద్దలు ఆందోళనతో చెప్పినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: అప్పటికి నొప్పులు మొదలయ్యాయా, లేదా? మందు ఒకటే కావచ్చు గాని, దాని ప్రయోజనం రెండు విధాలు.

నొప్పులు ఇంకా ఆరంభం కానప్పుడు, తల్లీబిడ్డల క్షేమంకోసం వాటిని ఆరంభింపజేయడం మొదటిది. 41 వారాలు నిండినా కాన్పు రాకపోవడం, రక్తపోటు పెరగడం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం వంటివి ఇందుకు కారణాలు. గర్భాశయ ముఖద్వారం గట్టిగా ఉంటే ముందుగా జెల్, మాత్ర లేదా చిన్న బెలూన్ సాయంతో దానిని మెత్తబరుస్తారు. పిదప అవసరాన్ని బట్టి ఉమ్మనీటి సంచిని చిట్లించి, ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. ఇందుకు ఒకటి రెండు రోజులైనా పట్టవచ్చు. కంగారు పడనవసరం లేదు.

వాటంతట అవే మొదలైన నొప్పులు నడుమ మందగించినప్పుడు బలం చేకూర్చడం రెండవది. ద్వారం అప్పటికే తెరుచుకొంటున్నది గనుక సాధారణంగా సంచిని చిట్లించడం, ఆక్సిటోసిన్ ఎక్కించడం మాత్రమే ఉంటాయి. అయితే నిదానమైన ప్రతి కాన్పూ దోషం కాదు. ద్వారం గంటకొక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో తొందరపడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

ప్రసవాన్ని నడిపించేది అపానవాయువని ఆయుర్వేదమతం. ఆవులు, అనగా ప్రసవవేదనలు, రాకముందే ముక్కడం వ్యర్థమనీ, శిశువుకు హానికరమనీ చరకసంహిత శారీరస్థానం హెచ్చరిస్తుంది. సమయం వచ్చాక ముక్కకపోవడమూ తగదంటుంది. కాన్పుకోసం రోకటిపోటు వేయించడాన్ని ఆత్రేయుడు నిషేధించి, మెల్లగా నడవమన్నాడు.

ఈ వివేకం నేటికీ శిరోధార్యం. ఇంటివద్ద నొప్పుల సూదిమందు ఎన్నడూ వేయించరాదు. మోతాదు మించితే నొప్పులు ఎడతెగక వచ్చి బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. పూర్వం సిజేరియన్ జరిగినవారికి గర్భాశయం చిట్లే ప్రమాదముంది. గనుకనే ఆసుపత్రిలో బిడ్డ గుండెచప్పుడును కనిపెడుతూ మందు ఎక్కిస్తారు. నొప్పులకోసం ఆముదం తాగించే అలవాటునూ మానండి. విరేచనాలతో గర్భిణి నీరసించిపోతుంది.

“నొప్పులు తెప్పిస్తున్నారా, పెంచుతున్నారా? కారణమేమిటి? కొంతసేపు వేచి ఉండవచ్చునా?” ఈ మూడు ప్రశ్నలూ వైద్యులను వినయంగా, తప్పక అడగండి.