రెండు గుంపుల మధ్య తేడా నిజమేనా?

ఈ మందు మేలా, ఆ మందు మేలా? ఎరువు వేసిన మడి నిజంగానే ఎక్కువ పండిందా? రెండు గుంపుల సగటులు పక్కపక్కన పెడితే ఎంతో కొంత తేడా ఎప్పుడూ కనిపిస్తుంది, అచ్చంగా సమానం కావడమే అరుదు. ఆ తేడా అసలుదా, కాకతాళీయమా అని తేల్చడానికి మూడు వందల ఏళ్లుగా జరిగిన ప్రయత్నాల్లోంచి ఏరిన విశేషాలివి. వీటిలో బీరు కంపెనీ ఉంది, ఖైదీల వేళ్లున్నాయి, బడి పిల్లల పాలున్నాయి, మన తెలుగువారూ ఒకరున్నారు.

పారిస్‌లో ఆడపిల్లల వాటా ఎందుకు ఎక్కువ?

ఇంగ్లండు రాణి ఆన్ వైద్యుల్లో ఒకరైన జాన్ ఆర్బత్‌నాట్ 82 ఏళ్ల లండన్ బాప్తిస్మ లెక్కలు తిరగేసి 1710లో ఒక వ్యాసం రాశాడు. ఒక్క ఏడాది కూడా తప్పకుండా మగపిల్లలే ఎక్కువ. ఆడా మగా అవకాశాలు సమానమైతే 82 ఏళ్లూ ఇలాగే రావడం దాదాపు అసాధ్యం కాబట్టి ఇది దైవసంకల్పమని ఆయన తేల్చేశాడు.

ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ అదే శతాబ్దం చివర్లో ఇంకో అడుగు వేసి రెండు నగరాల్ని పోల్చాడు. 1745 నుంచి 1770 వరకు పారిస్‌లో 2,51,527 మంది మగశిశువులు, 2,41,945 మంది ఆడశిశువులు. 1664 నుంచి 1757 వరకు లండన్‌లో 7,37,629 మంది మగ, 6,98,958 మంది ఆడ. మగపిల్లల వాటా లండన్‌లో 51.35 శాతం, పారిస్‌లో 50.97 శాతం. అర శాతం కూడా లేని ఈ తేడాని ఎవరైనా కొట్టిపారేస్తారు. లాప్లాస్ కొట్టిపారెయ్యలేదు. లండన్‌లో మగపిల్లల వాటా నిజంగా ఎక్కువ కాకపోయే అవకాశం నాలుగు లక్షల్లో ఒకటి కూడా లేదని లెక్కగట్టాడు.

అంతవరకూ గణితం. కారణం కోసం ఆయన పారిస్ గాలీ నీరూ వెతకలేదు, అనాథ శిశువుల ఆసుపత్రి వైపు చూశాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మగబిడ్డను ఉంచుకుని, ఆడబిడ్డను తెచ్చి అక్కడ వదిలెయ్యడం కాస్త ఎక్కువ. ఆ పసివాళ్లంతా పారిస్ లెక్కల్లోనే చేరేవారు. తేడా నిజమే కానీ అది పుట్టుకల్లో లేదు, లెక్కలోకి ఎవరొచ్చారన్న దాంట్లో ఉంది. ఈ విద్యలో సూత్రాలకంటే ఈ రెండో ప్రశ్నే పెద్దదని నా అభిప్రాయం. కింది విశేషాల్లో కొన్ని దాని చుట్టూనే తిరుగుతాయి.

ఖైదీల వేళ్లతో పేకాట

విలియం సీలీ గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరాడు. బార్లీ రకాల్ని పోల్చాలి, చేతిలో ఉండేవి మాత్రం కొద్దిపాటి నమూనాలు. అప్పటి సూత్రాలన్నీ వందలకొద్దీ కొలతలుంటేనే పనికొచ్చేవి. నాలుగే కొలతలుంటే సగటుని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి గాసెట్ 3,000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు తీసుకుని 3,000 అట్టముక్కల మీద రాయించాడు. బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 కట్టలు తీసి, తన సూత్రం వాటికి సరిపోతోందో లేదో చూసుకున్నాడు. కంప్యూటర్ ఇప్పుడు రెప్పపాటులో చేసే పని అది.

ఆ ఫలితం 1908లో బయోమెట్రికా పత్రికలో వచ్చింది. ఉద్యోగులు సొంత పేర్లతో పరిశోధనలు ప్రచురించడం కంపెనీకి ఇష్టం లేదు కాబట్టి రచయిత పేరు దగ్గర ‘స్టూడెంట్’ అని ఉంటుంది. కాలేజీ పుస్తకాల్లోని స్టూడెంట్ టీ-టెస్ట్ ఈయనదే.

పదిమంది నిద్ర

అదే వ్యాసంలో గాసెట్ ఉదాహరణగా తీసుకున్న అంకెలు అమెరికాలోని కలమజూ మానసిక చికిత్సాలయానివి. పదిమంది రోగులకు రెండు నిద్రమందులు వేర్వేరు రాత్రులు ఇచ్చి, మందు లేని రాత్రికంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో రాశారు. మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండో దానితో 2.33 గంటలు పెరిగింది.

ఈ ఇరవై అంకెల్ని వేర్వేరు మనుషుల రెండు గుంపులుగా భావించి లెక్క వేస్తే, మందుల మధ్య ఏ తేడా లేకపోయినా ఇంత తేడా పైకి కనిపించే అవకాశం దాదాపు 8 శాతం. అంటే గట్టిగా ఏమీ చెప్పలేం. ఎవరి నిద్రని వారి నిద్రతోనే జతచేసి లెక్క వేస్తే అది 0.3 శాతానికి పడిపోతుంది, ఇక సందేహానికి చోటు లేదు. అంకెలు అవే. ఒకరికి ఏ మందైనా బాగా పనిచేసేది, ఇంకొకరికి కాదు. జతకట్టగానే ఆ మనిషికీ మనిషికీ ఉన్న తేడా పక్కకు తప్పుకుంటుంది.

గాసెట్ వ్యాసంలో మందుల పేర్లు తప్పు పడ్డాయి, లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆ పదిమంది నిద్ర ఇవాళ్టికీ ‘స్లీప్’ అనే పేరుతో అందులో ఉంటుంది. జతకట్టకుండా టీ-టెస్ట్ చెయ్యమంటే అది చేసేది గాసెట్ పరీక్ష కూడా కాదు. రెండు గుంపుల చెదురు సమానంగా లేకపోయినా పనికొచ్చేలా బెర్నార్డ్ వెల్చ్ 1947లో చేసిన సవరణ అది. అందుకే స్వేచ్ఛాంశాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 18 అని రావాల్సిన చోట 17.776 అని వచ్చి విద్యార్థులు కంగారుపడతారు.

ఇరవై వేల మంది పిల్లలు, మెత్తని మనసు టీచర్లు

1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బడుల్లో భారీ ప్రయోగం జరిగింది. ఐదు వేల మంది పిల్లలకు రోజూ పచ్చిపాలు, ఇంకో ఐదు వేల మందికి పాశ్చరైజ్ చేసిన పాలు, పది వేల మందికి ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి ఎత్తూ బరువూ చూశారు. ఇరవై వేలంటే మాటలు కాదు, ఇంత పెద్ద సంఖ్యలో కాకతాళీయానికి చోటెక్కడిది?

ఎవరికి పాలివ్వాలో చీటీల ద్వారానో అక్షరక్రమంలోనో తేల్చారు, బాగానే ఉంది. కానీ ఒక గుంపులో బక్కపిల్లలో బొద్దుపిల్లలో మరీ ఎక్కువైనట్టు అనిపిస్తే సర్దుబాటు చేసుకోవచ్చని టీచర్లకు వెసులుబాటు ఇచ్చారు. ఎదురుగా ఎముకలు కనిపించే పిల్లాడుంటే ఏ టీచరు మాత్రం పాలివ్వకుండా ఉంటుంది? చివరికి పాలు తాగని గుంపే మొదటిరోజు నుంచీ ఎత్తులోనూ బరువులోనూ ముందుంది.

ఇది గాసెట్ కంట పడింది. 1931లో ఆయన రాసిన విమర్శలో ఇంకో మెలిక చూపించాడు. పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఉన్నవాళ్ల పిల్లలు ఫిబ్రవరిలో బరువైన చలిబట్టలతో, జూన్‌లో పల్చని బట్టలతో వచ్చారు. లేనివాళ్ల పిల్లలకు రెండు కాలాలకూ దాదాపు ఒకటే బట్టలు. పాలు పెంచిన బరువెంతో, బట్టలు తగ్గించిన బరువెంతో విడదీసేదెలా? దీనికి బదులు యాభై జతల సమరూప కవలల్ని తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పచ్చిపాలు, ఇంకొకరికి పాశ్చరైజ్ చేసిన పాలు ఇస్తే చాలా తక్కువ ఖర్చుతో మరింత నమ్మదగ్గ జవాబు వచ్చేదని ఆయన సూచన. నిద్రమందుల లెక్కలో నేర్చిన జతకట్టే పాఠమే ఇదీ.

ఎనిమిది కప్పుల టీ

పాలు ముందు పోశారా, డికాక్షన్ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనన్న మహిళ కథ చాలామందికి తెలుసు. గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935 నాటి పుస్తకంలోది. ఎనిమిది కప్పుల్లో నాలుగు అలా, నాలుగు ఇలా. గుడ్డిగా చెప్తే అన్నీ సరిపోయే అవకాశం 70లో 1. అంతగా ప్రచారం లేని సంగతేమిటంటే, ఒక్క జత తారుమారైనా చాలు, అంతమాత్రం గుర్తింపు ఊహతో వచ్చే అవకాశం 70లో 17 అవుతుంది, అంటే 24 శాతం. ఆవిడ ఎన్ని సరిగ్గా చెప్పిందో ఫిషర్ తన పుస్తకంలో రాయనే లేదు.

కాకతాళీయంగా వచ్చే అవకాశం ‘ఇరవైలో ఒకటి’ కంటే తక్కువైతేనే తేడాని లెక్కలోకి తీసుకోవాలనే గీతని ప్రచారంలోకి తెచ్చిందీ ఆయన 1925 నాటి పుస్తకమే. అది వాడుకకు వీలుగా ఉంటుందని పెట్టుకున్నది. తర్వాతి తరాలు దాన్ని శాసనం చేసి కూర్చున్నాయి.

వద్దన్నవాళ్లకే తక్కువ పోలియో

1954లో అమెరికాలో సాక్ పోలియో టీకా పరీక్షలో దాదాపు నాలుగు లక్షల మంది పిల్లల్ని యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి సగానికి టీకా, సగానికి మందులేని ఇంజెక్షన్ ఇచ్చారు. టీకా గుంపులో లక్షకు 28 మందికి, ఉత్తి ఇంజెక్షన్ గుంపులో 71 మందికి పోలియో వచ్చింది. తల్లిదండ్రులు వద్దన్న పిల్లల్లో లక్షకు 46. ఏ మందూ అందని రెండు గుంపుల మధ్యే ఇంత తేడా ఏమిటి?

వద్దన్న కుటుంబాల్లో పేదలు ఎక్కువ. పేద ఇళ్ల పిల్లలకు పోలియో వైరస్ చాలా చిన్నతనంలోనే, తల్లినుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉండగానే తగిలి, రోగనిరోధక శక్తి ఏర్పడిపోయేది. శుభ్రంగా పెరిగిన పిల్లలకే ముప్పెక్కువ. టీకా వేయించుకున్నవాళ్లని వద్దన్నవాళ్లతో పోల్చి ఊరుకుని ఉంటే టీకా గొప్పతనం సగమే కనిపించేది.

దీనికి ముందే, 1947లో, బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షించారు. మందు అందరికీ చాలదు కాబట్టి ఎవరికి ఇవ్వాలో సీలు వేసిన కవర్లే నిర్ణయించాయి. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో 4 మరణాలు, మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14.

దూరాలు కొలిచిన తెలుగువారు

ఎత్తు ఒక్కటే కాదు, ముక్కు పొడవు, తల వెడల్పు, ఇలా పది కొలతలుంటే రెండు గుంపుల్ని ఎలా పోల్చాలి? ఈ కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి విడివిడిగా కూడితే ఒకే తేడాని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఆ ముడుల్ని లెక్కలోకి తీసుకునే దూరాన్ని ప్రశాంత చంద్ర మహలనోబిస్ కలకత్తాలో రూపొందించారు. 1936 నాటి ఆయన పత్రం ప్రసిద్ధం. మనుషుల జాతుల్ని కొలవడానికి పుట్టిన ఆ కొలబద్ద ఇవాళ ఉపగ్రహ చిత్రాల్లో భూముల్ని వర్గీకరించడానికి, లెక్కల్లో తేడాగా ఉన్నవాటిని పట్టుకోవడానికి పనిచేస్తోంది. జాతుల కొలతలకంటే ఇదే దానికి తగిన పని.

కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్. రావు, 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ల ప్రాయంలో, రెండు సమష్టుల మధ్య దూరాన్ని జ్యామితిగా చూడవచ్చని ఒక పత్రంలో చూపించారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి వెళ్లింది ఎముకల పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయాలో 1910-14 మధ్య హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన సమాధుల్లోని అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉండేవి. ఆ మనుషులు ఏయే జనసమూహాలకు దగ్గరివారో తేల్చడంలో మహలనోబిస్ దూరం ఆయనకు ప్రధాన సాధనం. అక్కడే ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ అయింది. ఆ 1945 పత్రానికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది.

టీవీ ముందు కూర్చునేవారికి

వెయ్యిమందిని అడిగిన ఎన్నికల సర్వేలో పొరపాటు హద్దు మూడు శాతం అని కింద చిన్న అక్షరాల్లో వేస్తారు. అది ఒక్కో పార్టీ వాటాకి మాత్రమే. రెండు ప్రధాన పార్టీల మధ్య ఆధిక్యానికి హద్దు దాదాపు ఆరు శాతం ఉంటుంది, ఎందుకంటే ఒకరి వాటా పొరపాటున పెరిగితే ఎదుటివారిది తగ్గుతుంది. కాబట్టి ఈసారి ఎన్నికల్లో ‘ఫలానా పార్టీకి నాలుగు శాతం ఆధిక్యం’ అని ఎర్ర అక్షరాలు కనిపిస్తే, ఎంతమందిని, ఎక్కడ, ఎలా ఎంచుకుని అడిగారో చూడండి. వెయ్యిమందే అయితే పందేలు కాయకండి.