పాత అడ్రసు చెరిపితే చరిత్ర చెరుగుతుంది

మా మండపేటను 2022 ఏప్రిల్ 4న తూర్పుగోదావరి నుంచి విడదీసి కోనసీమ జిల్లాలో కలిపారు. ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికే నిప్పుపెట్టారు. అయినా పేరు నిలిచింది. పేర్లు మారాల్సిందే. అయితే పేరుతోపాటు వెబ్‌సైటు అడ్రసులూ మార్చే మిత్రులకు ఒక మాట.

దారులు రెండు. మొదటిది రీడైరెక్ట్. పాత అడ్రసుకు వచ్చినవాళ్లను సర్వరే కొత్తదానికి పంపేస్తుంది. శాశ్వతమైన మార్పుకు 301, తాత్కాలికానికి 302. రెండోది కెనానికల్ ట్యాగ్. దీన్ని గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ 2009లో తెచ్చాయి. ఒకే పేజీ రెండుచోట్ల ఉంటే అసలుదేదో సెర్చ్ ఇంజన్లకు చెబుతుంది. అది సూచనే, ఆజ్ఞ కాదు. చదివేవాళ్లను ఎక్కడికీ తీసుకుపోదు. పాత పేజీ తీసేస్తే ట్యాగూ దాంతోనే పోతుంది.

కాబట్టి మకాం మారితే 301 పెట్టాలి. రెండు ప్రతులూ ఉంచదలిస్తేనే కెనానికల్. కారంచేడు (1985), చుండూరు (1991) మీద మనం పెట్టుకున్న నివేదిక అడ్రసును ఓ విద్యార్థి థీసిస్‌లో రాసుకుంటే, రేపు అక్కడ 404 కనబడకూడదు. మన చరిత్రను వాళ్లు చెరిపింది చాలు. మన చేతులతో మనమే చెరుపుకోవద్దు.